వర్క్‌షాపు గ్యాంట్రీకి ఏ వీల్స్ వేయాలి: ఒక టన్ను ఫ్రేముకు లెక్క

గ్యాంట్రీ అంటే రెండు కాళ్ళ మీద అడ్డ గడ్డర్ ఉండి, కింద వీల్స్ మీద నడిచే, బరువులెత్తే ఫ్రేము. దాన్ని కట్టించేటప్పుడు అందరి దృష్టీ పైనున్న గడ్డర్ మీదే ఉంటుంది. ఐఎస్ఎంబీ 150 (150 ఎంఎం ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు బీము) సరిపోతుందా, 200 వేయాలా అని గంటసేపు మాట్లాడతారు. వీల్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘టన్ను ఫ్రేము, నాలుగు వీల్స్, ఒక్కోటి మూడొందల కేజీలది వేస్తే చాలు’ అని తేల్చేస్తారు. ఆ భాగహారమే తప్పు. మామూలు ట్రాలీ బండికి మూడుతో భాగించడం రివాజు. గ్యాంట్రీకి అదీ చాలదు. ఎందుకంటే దీని మీద బరువు ఒకచోట ఉండదు, గడ్డర్ వెంబడి అటూ ఇటూ తిరుగుతుంది.

చిన్న షెడ్లలో ఎక్కువగా కనిపించే కొలతలతోనే లెక్క వేద్దాం. ఎత్తాల్సిన బరువు 1000 కేజీలు. రెండు ఏ-ఫ్రేముల (ఇంగ్లీషు ఏ ఆకారంలో ఉండే కాళ్ళ) మధ్య 3.6 మీటర్లు. పైన 4 మీటర్ల ఐఎస్ఎంబీ 200 గడ్డర్, మీటరుకు 25 కేజీల చొప్పున అదే 100 కేజీలు. కాళ్ళు, అడుగు ఛానళ్ళు, బ్రేసింగు అన్నీ కలిపి ఇంకో 150. గొలుసు లాగి బరువెత్తే టన్ను చైన్ బ్లాకు, దాన్ని గడ్డర్ వెంబడి నడిపే ట్రాలీ కలిపి పాతిక. మొత్తం 1275. నాలుగుతో భాగిస్తే వీల్‌కు 319, మూడుతో భాగిస్తే 425.

ట్రాలీ మధ్యలో ఉన్నంతసేపూ ఇటు సగం, అటు సగం. కానీ లారీలోంచి గేర్‌బాక్సు తీసి బెంచి మీద దించాలంటే ట్రాలీని ఒక పక్కకు లాగక తప్పదు. కొక్కెం ఒక కాలికి 0.4 మీటరు దూరం దాకా వచ్చిందనుకోండి. బరువూ, బ్లాకూ ట్రాలీ కలిపి 1025. ఆ పక్కన పడేది 1025 × 3.2 ÷ 3.6, అంటే 911 కేజీలు. ఫ్రేము సొంత బరువులో సగం 125 కలిపితే 1036. ఆ పక్క ఉన్నవి రెండే వీల్స్ కాబట్టి ఒక్కోదాని మీద 518 కేజీలు.

ఇది ఫ్రేము నిలబడి ఉన్నప్పటి సంగతి. బరువు వేలాడుతుండగా తోసుకెళ్ళి టక్కున ఆపితే అది ముందుకు ఊగుతుంది. ఊపు వల్ల వచ్చే అడ్డ బలం బరువులో 5 శాతమే అనుకున్నా 50 కేజీలు. అది 3 మీటర్ల ఎత్తులో లాగుతోంది, కింద వీల్‌కూ వీల్‌కూ మధ్య 1.5 మీటర్లే ఉంది. 50 × 3 ÷ 1.5 చేస్తే వెనక వీల్స్ మీద 100 కేజీలు తగ్గి ముందు వీల్స్ మీద 100 పెరుగుతాయి. అందులో 90 దాకా ట్రాలీ ఉన్న పక్కకే పోతుంది. దాంతో ఆ ముందు వీల్ 600 దాటేసింది. పైన కొంత మార్జిన్ వదిలితే, ఈ ఫ్రేముకు ఒక్కోటి 750 కేజీలకు తగ్గిన వీల్ వేయకూడదు. షాపులో అడిగే 300 కేజీల వీల్‌కు ఇది రెండున్నర రెట్లు.

రేటింగు విషయంలో రెండు మెలికలున్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మే సెట్లలో కొన్నిటికి రాసే కెపాసిటీ నాలుగింటికీ కలిపి రాసింది. ‘1200 కేజీలు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వీల్‌కు 300 అని ఎక్కడో కింద ఉంటుంది. రెండోది వేగం. క్యాస్టర్ (ఫోర్కు, బిగింపు ప్లేటుతో కలిసి వచ్చే వీల్) రేటింగులు సాధారణంగా మనిషి నడక వేగానికి ఇస్తారు. ఐఎస్ఓ 22883 ప్రమాణంలో ఆ హద్దు గంటకు 4 కిలోమీటర్లు. గ్యాంట్రీకి తాడు కట్టి ఫోర్క్‌లిఫ్టుతో లాగించే షెడ్లు ఉన్నాయి. అక్కడ ఆ అంకెకు విలువ లేదు.

బరువుతో కదిలించాలా, ఖాళీగానే కదిలించాలా అన్నది ముందే తేల్చుకోవాలి. చిన్న షెడ్లలో నూటికి తొంభై పనులు ఫ్రేమును ఖాళీగా తెచ్చి నిలబెట్టి, ఎత్తి, కింద లారీనో బల్లనో జరుపుకుంటే అయిపోతాయి. ఖాళీ ఫ్రేముకు వీల్‌కు 70 కేజీలే పడుతుంది కాబట్టి 200 కేజీల చవక వీల్స్ వేసి, ఎత్తేటప్పుడు స్క్రూ జాకీల మీద నిలబెట్టొచ్చని ఒక వాదన ఉంది. కాగితం మీద సరైనదే. కానీ సాయంత్రం ఆరింటికి కుర్రాడు నాలుగు జాకీలూ దించి, పని చేసి, మళ్ళీ ఎత్తుతాడని నమ్మకం పెట్టుకోలేం. వీల్ పూర్తి బరువుకే ఉండాలి, జాకీ అదనంగా ఉండాలి.

ఇక నేల. నున్నటి కాంక్రీటు ఫ్లోరయితే సగం సమస్యలు ఉండవు. మన దగ్గర పాత షెడ్లలో షాబాద్ బండలో, తాండూరు బండలో, కడప నాపరాళ్ళో పరిచి ఉంటాయి. బండల మధ్య సందులు చూసి భయపడతారు గానీ సందు పెద్ద సమస్య కాదు. 12 ఎంఎం సందులోకి 100 ఎంఎం చక్రం దిగేది 0.4 ఎంఎం కూడా ఉండదు. 40 ఎంఎం డ్రైన్ గాడి మీదయితే 100 ఎంఎం చక్రం 4 ఎంఎం, 200 ఎంఎం చక్రం 2 ఎంఎం దిగుతాయి. అసలు ఇబ్బంది పైకి లేచిన అంచుతో. ఒక బండ పక్కదానికంటే 5 ఎంఎం ఎత్తుగా ఉంటే, 100 ఎంఎం చక్రాన్ని దాని మీదికి ఎక్కించడానికి చక్రం మీదున్న బరువులో 48 శాతం బలం కావాలి. 150 ఎంఎం చక్రానికి 38, 200 ఎంఎం చక్రానికి 33 శాతం. 518 కేజీలున్న వీల్‌కు ఇవి 250, 200, 170 కేజీలవుతాయి. ఒక మనిషి నిలకడగా నెట్టగలిగేది పాతిక కేజీలు. అంటే ఎంత పెద్ద చక్రం వేసినా బరువుతో ఆ అంచు ఎక్కదు. ఎక్కించాలని వెనక్కి లాగి ఊపుతో గుద్దుతారు, అక్కడే బరువు ఊగి, వీల్ తల మధ్యలో ఉండే కింగ్‌పిన్ వదులవడం మొదలవుతుంది. పెద్ద చక్రం కొనే డబ్బుతో పాటు ఒక పూట గ్రైండరు పట్టుకుని, దారిలో లేచిన అంచులన్నీ వాలుగా అరగదీయడం తప్పనిసరి. అరగదీయలేని చోట సందు మీద 6 ఎంఎం ప్లేటు వేసి, దాని అంచులు కూడా వాలుగా కొట్టాలి.

బండ కింద డొల్ల ఉంటే ఇంకో గొడవ. ఇసుక మీద పరిచిన పలుచటి బండ కింద ఇసుక జారిపోయి ఖాళీ ఏర్పడుతుంది. ఫ్రేము నిలిచే చోట్లా, నడిచే దారిలోనూ సుత్తి కర్రతో తట్టి చూస్తే గట్టి బండకూ డొల్ల బండకూ శబ్దంలో తేడా వెంటనే తెలుస్తుంది. డొల్ల ఉన్నచోట అర టన్ను ఒక్క గీత మీద పడితే బండ రెండు ముక్కలవుతుంది, చక్రం ఆ చీలికలో దిగుతుంది. ఆ బండ తీసి కింద సిమెంటు మాలు నింపి మళ్ళీ వేయడమే మార్గం.

చక్రం దేనితో చేసిందన్నది నేలను బట్టే తేలుతుంది. పోత ఇనుము, ఉక్కు చక్రాలు బరువుకు తిరుగులేనివి, తోయడానికి అన్నిటికంటే తేలిక. కానీ బండల అంచులు పగలగొడతాయి, కాంక్రీటు మీద గీతలు పడతాయి, మోత భరించలేం. నేల మీద ఉక్కు పట్టాలుంటే తప్ప వీటి జోలికి వెళ్ళక్కర్లేదు. ఫ్రేము ఎప్పుడూ ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ నడిస్తే చాలనుకునేవాళ్ళు యాంగిల్‌ను తిరగేసి నేలకు బిగించి, దాని మీద వీ-గాడి ఉన్న ఉక్కు చక్రాలు నడపొచ్చు. దిశ తప్పే సమస్యే ఉండదు. మిగతా పనులకు ఆ యాంగిల్ కాలికి తగులుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.

నైలాన్ గట్టిది, చవక, నూనెకూ గ్రీజుకూ చెక్కు చెదరదు. నున్నటి కాంక్రీటు మీద బరువుతో తోయాలంటే పీయూ (పాలీయురేథేన్) కంటే నైలాన్ తేలిగ్గా కదులుతుంది. అదే దాని లోపం కూడా. నీళ్ళు పోవడానికి ఫ్లోరుకు వాలు ఇస్తాం కదా, నూటికి ఒకటి వాలు ఉన్నా 1275 కేజీల ఫ్రేమును 13 కేజీల బలం కిందికి లాగుతూనే ఉంటుంది. యాభైకి ఒకటయితే 25. బ్రేకు వేయకుండా వదిలితే నైలాన్, ఉక్కు చక్రాల మీద ఫ్రేము తనంతట తానే నడవగలదు. పైగా నైలాన్ తడి పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది. బేరింగు లేకుండా నైలాన్ రంధ్రమే ఇరుసు మీద తిరిగే చవక రకాలు వానాకాలంలో బిగుసుకుపోయేది అందుకే.

పీయూను పోత ఇనుప చక్రం మీద పోసిన రకం ఈ పనికి నా మొదటి ఎంపిక. 200 ఎంఎం వ్యాసం, 50 ఎంఎం వెడల్పు. నేలను పాడుచేయదు, చిన్న చిన్న అంచుల దెబ్బ మింగుతుంది, బరువు మోస్తుంది. దీనికీ జబ్బులున్నాయి. బరువుతో ఒకేచోట రోజుల తరబడి నిలబెడితే కింద భాగం చదునవుతుంది, తర్వాత తోసినప్పుడు దడదడమంటుంది. లేత్ తురుము, వెల్డింగ్ గుళ్ళు గుచ్చుకుని అందులోనే ఉండిపోతాయి. పోత సరిగా అంటకపోతే పీయూ ఇనుము మీద నుంచి టైరులా ఊడివస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో పాలియెస్టర్ రకం పీయూ కొన్నేళ్ళకు జిగటగా మారి పెళుసుగా రాలిపోతుంది. అక్కడ పాలీఈథర్ రకం అడిగి తీసుకోవాలి.

కొనేటప్పుడు అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. పీయూ పూత కింద పోత ఇనుము ఉందో ప్లాస్టిక్ ఉందో అదే చెబుతుంది. రెండూ పైకి ఒకే ఎర్ర రంగులో ఉంటాయి. ఇనుమూ పీయూ కలిసే అంచు చుట్టూ గోరుతో గీకి చూడాలి. ఎక్కడైనా గోరు దూరితే ఆ చక్రం వద్దు. మామూలు రబ్బరు చక్రం అర టన్ను దగ్గర నలిగిపోతుంది. గాలి టైర్ల మాట ఎత్తనే వద్దు. ఒక టైరులో గాలి తగ్గితే గడ్డర్ ఒక పక్కకు వాలుతుంది, ట్రాలీ బరువుతో సహా ఆ పక్కకే పరిగెడుతుంది.

చక్రం లోపల రెండు బాల్ బేరింగులుండాలి. 6204 సైజు అయితే ఒక్కోటి నిలకడ బరువు 650 కేజీల దాకా, 6205 అయితే 790 దాకా మోస్తుంది. జతగా వేస్తే మన 600కు ఏదైనా చాలు. ఎక్కువమంది చూడనిది స్పేసర్. రెండు బేరింగుల ఇన్నర్ రేసుల (లోపలి రింగుల) మధ్య ఒక పైపు ముక్క ఉండాలి. అది లేకపోతే ఇరుసు బోల్టు బిగించిన కొద్దీ ఇన్నర్ రేసులు లోపలికి నొక్కుకుని బాల్స్ మీద పక్క ఒత్తిడి పడుతుంది, చక్రం బిగుసుకుంటుంది. అది చూసి నట్టు వదులు చేస్తారు, నట్టు ఊడుతుంది. ఇరుసు నట్టు గట్టిగా బిగించాక కూడా చక్రాన్ని వేలితో తిప్పితే రెండు మూడు చుట్లు తిరగాలి.

పైన తిరిగే తల గురించి. చవక రకాల్లో మధ్యలో ఒక రివెట్టు, దాన్నే కింగ్‌పిన్ అంటారు, రేకు గిన్నెల్లో రెండు వరసల బాల్స్. పక్క దెబ్బలన్నీ ఆ రివెట్టే తింటుంది. అది వదులైతే ఫోర్కు అటూ ఇటూ ఊగుతుంది, ఒకరోజు తెగుతుంది. కింగ్‌పిన్ లేకుండా పెద్ద బాల్స్ గట్టిపరిచిన రేసులో నడిచే రకం ధర ఎక్కువైనా గ్యాంట్రీకి అదే వేయాలి. అది దొరక్కపోతే, రివెట్టు కాకుండా బోల్టు, కాటర్ పిన్ను ఉన్న కింగ్‌పిన్ రకం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కౌంటరు మీదే పరీక్ష చేయొచ్చు. ప్లేటును ఒక చేత్తో నొక్కిపెట్టి చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఊపండి. కొత్త దానిలోనే టకటకమంటే పక్కన పెట్టేయండి. గ్రీజు నిపుల్ ఉందో లేదో కూడా చూడండి.

నాలుగూ తిరిగే వీల్స్ వేయాలా, రెండు స్థిరంగా ఉండాలా? నాలుగూ తిరిగేవయితే ఫ్రేమును ఇరుకులో ఎటైనా తిప్పుకోవచ్చు. కానీ తిరిగే వీల్‌లో చక్రం ఇరుసు తల మధ్యకు సుమారు 50 ఎంఎం వెనక్కి ఉంటుంది. ముందుకు తోసినదాన్ని వెనక్కి లాగితే ప్రతి చక్రమూ అర్ధచుట్టు తిరిగి 100 ఎంఎం అటుపక్కకు వెళ్తుంది. నాలుగూ ఒక్కసారి తిరగవు. ఒక కాలు ముందు, ఒక కాలు తర్వాత పక్కకు జారుతుంటే గడ్డర్ మెలి తిరుగుతుంది, వేలాడే బరువు ఊగుతుంది. ఖాళీ ఫ్రేముకు పర్వాలేదు, బరువుతో ఇది ప్రమాదం. నేను చెప్పేది, ప్రతి ఏ-ఫ్రేముకూ ఒక చివర స్థిరమైనది, రెండో చివర తిరిగేది వేయడం. స్థిరమైనవి రెండూ ఒకే వైపు ఉండాలి. అప్పుడది మామూలు తోపుడు బండిలా తిరిగే వీల్స్ వైపు నుంచి దారి పడుతుంది. గడ్డర్ పొడవునా పక్కకు జరపడం కుదరదు, కానీ ఆ పని ట్రాలీయే చేస్తుంది కదా. రెండు వైపులా స్వేచ్ఛ కావాలనుకుంటే నాలుగూ తిరిగేవే తీసుకుని, వాటికి నాలుగు దిశల్లో పిన్నుతో ఆపే స్వివెల్ లాక్ ఉండేలా చూసుకోవాలి. బరువు కదిలించేముందు పిన్నులు దించాలి.

బ్రేకులూ రెండు రకాలు. చక్రాన్ని మాత్రమే పట్టేది, చక్రాన్నీ తలనూ కలిపి పట్టేది. మొదటి రకంలో చక్రం ఆగినా తల తిరుగుతుంది, ఫ్రేము పక్కకు జరుగుతూనే ఉంటుంది. తిరిగే వీల్స్‌కు రెండో రకమే కావాలి. ఏ రకమైనా బ్రేకును నమ్మి బరువు వేలాడదీసి పని చేయకూడదు. అడుగు ఛానల్ చివర్లలో ఎం24 నట్టు వెల్డ్ చేసి, కింద 100 × 100 × 10 ఎంఎం ప్లేటు ఉన్న స్క్రూ దించితే చాలు. చక్రాలు నేల విడిచి 5 ఎంఎం లేస్తే ఫ్రేము కదలదు, పీయూ చదునవదు.

బిగింపు దగ్గర ఎక్కువగా జరిగే తప్పు, క్యాస్టర్ ప్లేటును నేరుగా కాలికి వెల్డ్ చేయడం. ఆ వేడికి రేసు గట్టిదనం పోతుంది, గ్రీజు మాడుతుంది, జింకు పూత పొగ ఊపిరితిత్తులకు చెరుపు, రేపు వీల్ మార్చాలంటే గ్యాస్ కటింగే. అడుగు ఛానల్‌కు ముందు 12 ఎంఎం ప్లేటు వెల్డ్ చేసి, దానికి రంధ్రాలు వేసి, 8.8 గ్రేడు (ఎక్కువ బలమున్న) బోల్టులు, నైలాక్ (అదురుకు వదులవని) నట్లతో క్యాస్టర్ బిగించాలి. బోల్టు సైజు ప్లేటు రంధ్రం నిండేంత. వెల్డింగ్ వేడికి ప్లేటు వంగుతుంది కాబట్టి నాలుగు మూలలా చుక్కలు పెట్టి, రసమట్టం పెట్టి రెండు దిక్కులా చూసుకుని, ఎదురెదురు వైపుల నుంచి కొంచెం కొంచెంగా నింపాలి. ప్లేటు ఒక్క డిగ్రీ వాలినా తల ఎప్పుడూ పల్లం వైపే తిరుగుతుంది, ఆ ఫ్రేము తిన్నగా నడవదు. వాలు వస్తే రేకు ప్యాకింగుతో సరిచేయొచ్చు. సుత్తితో సరిచేయడం కుదరదు.

200 ఎంఎం చక్రమున్న క్యాస్టర్ మొత్తం ఎత్తు 240 నుంచి 250 ఎంఎం. దాన్ని ఛానల్ కింద బిగిస్తే ఫ్రేము అంత పైకి లేస్తుంది, షెడ్డు గుమ్మం తగలొచ్చు. ఛానల్ చివర పైకి లేపిన బ్రాకెట్టు వెల్డ్ చేసి క్యాస్టర్‌ను దానికి వేలాడదీస్తే ఛానల్ నేలకు 40–50 ఎంఎం ఎత్తులోనే ఉంటుంది. ఎత్తు ఆదా కావడం ఒకటి. అంతకంటే ముఖ్యం, చక్రం పగిలినా ఫోర్కు తెగినా ఫ్రేము పడేది ఆ 40–50 ఎంఎం మాత్రమే, 250 కాదు. బ్రాకెట్టు బయటికి చాచుకుని ఉంటుంది కాబట్టి కింద ఊతంగా ఒక గసెట్ (మూల) ప్లేటు తప్పక వేయాలి.

బిగించాక 1250 కేజీలు నేలకు 100 ఎంఎం ఎత్తున పది నిమిషాలు వేలాడదీసి, ట్రాలీని రెండు చివర్లకూ నడిపి, ఒక్కో క్యాస్టర్‌నూ చూడాలి. ఫోర్కు కాళ్ళు వెడల్పయ్యాయా, పీయూ అంచు ఉబ్బిందా, ప్లేటు వంగి మధ్యలో వెలుతురు కనిపిస్తోందా అన్నవి గమనించాలి. ఆ తర్వాత బరువుతో తోయాల్సి వస్తే ట్రాలీ మధ్యలో ఉండేలా కట్టి, బరువు నేలకు జానెడు లోపే ఉంచి, రెండు కాళ్ళ దగ్గరా ఒక్కో మనిషి నిలబడి ఒకే మాట మీద కలిసి తోయాలి. వేలాడే బరువును పట్టుకుని లాగకూడదు.

బోల్టులు మొదటి వారం తర్వాత ఒకసారి, ఆపైన నెలకోసారి బిగించి చూడాలి. గ్రీజు మూడు నెలలకోసారి, తురుమూ దుమ్మూ ఎక్కువుండే షెడ్డయితే నెలకోసారి, పాత నల్ల గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. చక్రం పాడైతే అదే ఏ-ఫ్రేములోని రెండో చక్రాన్నీ మార్చాలి. పాతది అరిగి 3, 4 ఎంఎం చిన్నదై ఉంటుంది, కొత్తదాని పక్కన ఆ కాలు పొట్టిదవుతుంది.